గాల్వెస్టన్‌కి పేరిచ్చిన మనిషి: బెర్నార్డో డి గాల్వెజ్, సిపాయి నుంచి వైస్రాయ్ దాకా

గోదారిగట్టు:
టెక్సస్‌లో ఉన్న మనవాళ్లకి గాల్వెస్టన్ కొత్త కాదు. హ్యూస్టన్ నుంచి గంట ప్రయాణం, సెలవొస్తే పిల్లల్ని తీసుకుని అక్కడికే. ఆ ఊరి పేరు బెర్నార్డో డి గాల్వెజ్ అనే స్పానిష్ సైనికుడిది. ఆయన ఆ దీవి మీద ఎప్పుడూ కాలు పెట్టలేదు. 1785, 86లలో గల్ఫ్ తీరమంతా కొలిచి పటాలు గీసిన హోసే డి ఎవియా అక్కడి అఖాతానికి తన పైఅధికారి పేరు పెట్టాడు. తర్వాత వెలిసిన ఊరికీ అదే నిలిచింది.

ఈ మనిషి గురించి కొంతకాలంగా చదువుతున్నాను. అమెరికాలో ఆయన్ని తమ స్వాతంత్ర్య పోరాటానికి సాయపడిన వీరుడంటారు. మెక్సికోలో కరువులో జనానికి తిండి పెట్టిన వైస్రాయ్ అంటారు. ఉత్తర మెక్సికో సరిహద్దులో ఉండే ఆదివాసులైన అపాచీల చరిత్ర రాసేవాళ్లు వేరే మాట చెబుతారు. నేను చదివినంతలో మూడూ నిజమే. మూడింటినీ ఒకచోట పెట్టి మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందు పుట్టుక, పెంపకం. 1746 జులై 23న దక్షిణ స్పెయిన్‌లో మలగా దగ్గర కొండల్లో మచరవియాయా అనే చిన్న పల్లెలో పుట్టాడు. పేరుకి పెద్దింటి వాళ్లే గానీ ఆస్తిపాస్తులు లేవు. ఆ కుటుంబం దశ తిప్పినవాడు బెర్నార్డో చిన్నాన్న హోసే డి గాల్వెజ్. లాయరుగా మాడ్రిడ్ చేరి, రాజు కార్లోస్ 3 నమ్మకం సంపాదించి, 1765లో న్యూ స్పెయిన్‌కి, అంటే ఇప్పటి మెక్సికోకి, సర్వాధికారాలున్న తనిఖీదారుగా వెళ్లాడు. 1776లో అమెరికా వలసలన్నిటినీ చూసే మంత్రి అయ్యాడు. తన పల్లెలో పేకముక్కల ఫ్యాక్టరీ పెట్టించి, వలసలకి పేకముక్కలు అమ్మే గుత్తాధికారం దానికి ఇప్పించాడు. ఆయన చేతిలో ఉన్న అధికారం ఎంతటిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

బెర్నార్డో పదహారేళ్లకే 1762లో పోర్చుగల్ మీద జరిగిన యుద్ధానికి వెళ్లాడు. 1769లో చిన్నాన్న వెంట మెక్సికో చేరాడు. ఇప్పటి చివావా రాష్ట్రం ఉన్న ప్రాంతంలో అపాచీలతో పోరాడే దళాలకి ఇరవై నాలుగేళ్లకే నాయకుడయ్యాడు.

సందేహాల శ్రీను:
అన్నా, మంత్రి గారి అన్న కొడుకు అంటున్నారు. అంటే పదవులన్నీ ఆ పలుకుబడితోనే వచ్చాయా? ఆయన సొంతంగా సాధించింది ఏమైనా ఉందా?

గోదారిగట్టు:
తలుపు తీసింది చిన్నాన్నే, అందులో అనుమానం లేదు శ్రీనూ. తండ్రి మతియాస్ గాల్వెజ్ కూడా గ్వాటెమాలాలో కెప్టెన్ జనరల్ అయ్యాడు, 1783లో ఏకంగా మెక్సికో వైస్రాయ్ అయ్యాడు. కుటుంబం మొత్తం ఒక తాడు పట్టుకుని పైకెక్కింది.

కానీ లోపలికి వెళ్లాక తప్పించుకు తిరిగిన మనిషి కాదు. 1770 నవంబరులో అపాచీలని వెతుక్కుంటూ పెకోస్ నది దాకా వెళ్లాడు. తిండి గింజలు వానకి తడిసి పాడయ్యాయి, సైనికులు వెనక్కి పోదామన్నారు. రాని వాళ్లు వెళ్లిపోవచ్చు, నేను మాత్రం ముందుకే అని చెప్పి గుర్రాన్ని నీళ్లలోకి దింపాడు. మిగతావాళ్లు వెంట దిగారు. అక్కడి అపాచీ విడిది మీద పడి చాలామందిని చంపారు, మరికొందరిని పట్టుకున్నారు. ఆ రెండు మూడేళ్లలో ఈటె దెబ్బలు, బాణం దెబ్బలు ఒంటి నిండా తిన్నాడు. 1772లో స్పెయిన్‌కి వెనక్కి పంపారు. కొన్నాళ్లు ఫ్రాన్స్‌లో ఉండి ఫ్రెంచి నేర్చుకున్నాడు. అది తర్వాత బాగా అక్కరకొచ్చింది. 1775లో అల్జీర్స్ మీద స్పెయిన్ చేసిన దండయాత్ర ఘోరంగా విఫలమైనప్పుడు అక్కడా కాలికి గాయం.

నల్లమల:
ఆ పెకోస్ నది కథని వీరగాథలా చెప్పడం నాకు కష్టంగా ఉంది. నది దాటిన ధైర్యం గురించి రాసేవాళ్లు, నదికి అవతల తెల్లారుజామున నిద్ర లేచిన ఆడవాళ్లు, పిల్లల గురించి ఒక వాక్యం కూడా రాయరు.

అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నన్ను నిజంగా ఆపి ఆలోచింపజేసింది. ఈ గాల్వెజే అపాచీలతో యుద్ధం గురించి తర్వాత ఒక చిన్న రచన చేశాడు. వాళ్ల గుర్రపు స్వారీ, ఓపిక, నేల మీద గుర్తులు చదివే నేర్పు అన్నిటినీ మెచ్చుకుంటూ రాశాడు. ఇండియన్లు (అంటే అమెరికా ఆదివాసులు) క్రూరులని స్పెయిన్‌వాళ్లు నిందిస్తారు, మన గురించి వాళ్లకి ఏ అభిప్రాయం ఉందో తెలియదు, బహుశా అది ఇంతకంటే మంచిది కాకపోవచ్చు, పైగా దానికి ఆధారం కూడా గట్టిదే ఉండొచ్చు అనే అర్థం వచ్చేలా అందులో ఒప్పుకున్నాడు. 18వ శతాబ్దపు వలస సైన్యాధికారి కలం నుంచి ఈ మాట రావడం చిన్న విషయం కాదు. ఎదుటివాడి వైపు నుంచి చూడగలిగిన మనిషే పదిహేనేళ్ల తర్వాత ఏం రాశాడో చూస్తే ఇంకా బాధేస్తుంది. 1786 ఆజ్ఞాపత్రం గురించి అంటున్నాను. గోదారిగట్టు గారు అక్కడి దాకా వచ్చాక రాస్తాను.

హ్యూస్టన్ పద్మజ:
మా అబ్బాయి స్కూల్లో అమెరికన్ రెవల్యూషన్ పాఠంలో లఫాయెట్ పేరు ఉంది గానీ ఈయన పేరు ఒక్క లైను కూడా లేదు. టెక్సస్‌లో ఉండి కూడా! ఇంతకీ లూయిజియానా ఎప్పుడు వెళ్లాడు? అమెరికా వాళ్లకి చేసిన సాయం ఏంటి?

గోదారిగట్టు:
పద్మజ గారూ, లూయిజియానా అప్పట్లో స్పెయిన్ చేతిలో ఉండేది, 1760లలో ఫ్రాన్స్ దగ్గర నుంచి వచ్చింది. జనం మాత్రం ఎక్కువగా ఫ్రెంచివాళ్లే. 1777 జనవరి 1న గాల్వెజ్ అక్కడ తాత్కాలిక గవర్నరుగా బాధ్యతలు తీసుకున్నాడు, వయసు ముప్ఫై. ఫ్రెంచి వచ్చు కాబట్టి న్యూ ఆర్లీన్స్ ఇళ్లలోకి తేలిగ్గా కలిసిపోయాడు. అదే ఏడాది నవంబరులో ఫెలిసితే సెయింట్ మాక్సెంట్ అనే వితంతువుని పెళ్లి చేసుకున్నాడు. ఊళ్లో అందరికంటే పెద్ద వ్యాపారుల్లో ఒకరి కూతురు. ఆమె అక్కని అంతకుముందు గవర్నరు ఉన్సాగా చేసుకున్నాడు. అంటే పాత గవర్నరు, కొత్త గవర్నరు తోడల్లుళ్లు.

సాయం విషయానికొస్తే, 1779 దాకా స్పెయిన్ అధికారికంగా యుద్ధంలో లేదు. అందుకని పని గుట్టుగా సాగింది. న్యూ ఆర్లీన్స్‌లో ఆలివర్ పోలాక్ అనే ఐరిష్ వ్యాపారి అమెరికన్ల తరఫున ఉండేవాడు. తుపాకిమందు, మందులు, బట్టలు అతని ద్వారా మిసిసిపీ నది మీదుగా పైకి వెళ్లేవి. గాల్వెజ్ చూసీ చూడనట్టు ఊరుకోవడమే కాదు, డబ్బు కూడా సర్దాడు. అదే సమయంలో నది మీద దొంగ వ్యాపారం చేస్తున్న ఇంగ్లీషు ఓడల్ని పట్టుకున్నాడు. ఇంగ్లీషువాళ్లు గొడవ చేస్తే చట్టం చూపించాడు.

కానరీ దీవుల నుంచి వందల కుటుంబాలని రప్పించి న్యూ ఆర్లీన్స్ చుట్టూ ఊళ్లు కట్టించింది కూడా ఈ కాలంలోనే. సెయింట్ బెర్నార్డ్ పారిష్‌లో (పారిష్ అంటే అక్కడ జిల్లా లాంటిది) వాళ్ల వారసులు ఇప్పటికీ ఉన్నారు, ఇస్లెన్యోలు అంటారు. పారిష్ పేరు కూడా ఈయన పేరు మీదుగా వచ్చిందే.

సముద్రయానం:
అసలు కథ 1779 నుంచి. నౌకాదళ చరిత్ర మీద ఇష్టం కొద్దీ కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

1779 జూన్‌లో స్పెయిన్ బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది. ఫ్లోరిడా వైపు ఉన్న ఇంగ్లీషువాళ్లు తన మీదకి రాకముందే తానే వాళ్ల మీదకి పోవాలని గాల్వెజ్ పడవలు సిద్ధం చేశాడు. ఆగస్టు 18న హరికేన్ వచ్చి పడవలన్నిటినీ ముంచేసింది, ఊరిని కూల్చేసింది. అప్పటికే ఆయనకి పూర్తిస్థాయి గవర్నరుగా నియామకపత్రం వచ్చింది గానీ జనానికి చెప్పలేదు. ఊరి మైదానంలో జనాన్ని పిలిచి ఆ పత్రం చూపించాడు. లూయిజియానాని కాపాడతానని ప్రమాణం చేస్తే గానీ ఈ పదవి తీసుకోలేను, మీరు తోడుంటేనే ఆ ప్రమాణం చేయగలను అన్నాడు. జనం సరేనన్నారు. మునిగిన పడవల్ని నదిలోంచి లేపి, పది రోజులు తిరక్కుండా ఆగస్టు 27న బయల్దేరాడు.

బయల్దేరినప్పుడు 667 మంది. అందులో పాత సైనికులు 170 మందే. 330 మంది మెక్సికో నుంచి, కానరీల నుంచి కొత్తగా దిగినవాళ్లు. స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లు, మిశ్రమజాతివాళ్లు 80 మంది. అమెరికన్లు ఏడుగురు. దారిలో జర్మన్ రైతులు, కెనడా వైపు నుంచి వచ్చి స్థిరపడిన అకేడియన్ ఫ్రెంచి రైతులు ఓ 600 మంది, ఇండియన్లు 160 మంది కలిశారు. సెప్టెంబరు 7న మంచాక్ కోట పడింది. తర్వాత బాటన్ రూజ్. అక్కడ గాల్వెజ్ వేసిన ఎత్తు చక్కనిది. రాత్రిపూట అడవి వైపు చెట్లు నరికిస్తూ, తుపాకులు పేలుస్తూ పెద్ద సందడి చేయించాడు. ఇంగ్లీషువాళ్లు ఆ చీకట్లోకే ఫిరంగులు పేల్చుకుంటూ కూర్చున్నారు. ఈలోగా ఇంకోవైపు తోటలో అసలు ఫిరంగులు చప్పుడు లేకుండా నిలబెట్టారు. సెప్టెంబరు 21న మధ్యాహ్నానికి కోట లొంగిపోయింది. లొంగుబాటు షరతుల్లో పైనున్న నాచెజ్ కోటని కూడా కలిపి రాయించుకున్నాడు, అక్కడ ఒక్క గుండు పేల్చకుండా.

1780 మార్చి 14న మొబీల్ పడింది. ముట్టడి నడుస్తుండగా గాల్వెజ్, కోట అధికారి డర్న్‌ఫోర్డ్ ఒకరికొకరు వైన్, కోళ్లు, రొట్టెలు కానుకలుగా పంపించుకున్నారు. అప్పటి సైన్యాధికారుల మర్యాద అది.

లెక్కల మాస్టారు:
అంత సైన్యానికి తిండి ఎక్కడిది అని అడిగేవాళ్లు తక్కువ. టెక్సస్ పాఠకుల కోసం ఒక సంగతి. 1779 జూన్‌లోనే గాల్వెజ్ టెక్సస్ గవర్నరు దొమింగో కాబెయోకి పశువులు పంపమని మనిషిని పంపాడు. శాన్ ఆంటోనియో, గోలియడ్ ప్రాంతాల చర్చి మిషన్ల మందల నుంచి, రైతుల మందల నుంచి 2,000 పశువుల్ని పోగు చేసి నాకడోచెస్ మీదుగా లూయిజియానాకి తోలారు. 1782 వరకు ఇలా దాదాపు 10,000 పశువులు వెళ్లాయని లెక్క. కౌబాయ్ సినిమాల్లో చూసే పశువుల తోలకాలకి ఇది వందేళ్ల ముందు మాట. తోలినవాళ్లలో మిషన్లలో పనిచేసే ఇండియన్లు కూడా ఉన్నారు.

డబ్బు సంగతి కూడా. 1780లో కార్లోస్ రాజు అమెరికా వలసల్లో యుద్ధ విరాళం అడిగాడు. ఇండియన్లకి, మిశ్రమజాతులవాళ్లకి తలా ఒక పెసో, స్పానిష్ వాళ్లకి రెండు పెసోలు. పేరుకి విరాళం. కోటల మీద జెండా ఎగరేసింది గాల్వెజ్ అయితే, ఖర్చు మోసింది ఈ జనమే.

సందేహాల శ్రీను:
పెన్సకోలా గురించి రాయండి సముద్రయానం అన్నా. 'యో సోలో', 'నేనొక్కడినే' అని కులచిహ్నం మీద రాయించుకున్నాడట కదా, అది అక్కడిదేనా?

సముద్రయానం:
అక్కడిదే తమ్ముడూ. పెన్సకోలా పశ్చిమ ఫ్లోరిడాకి రాజధాని, జనరల్ జాన్ కాంప్‌బెల్ ఉన్నది అక్కడే. 1780 అక్టోబరులో హవానా నుంచి బయల్దేరిన పెద్ద నౌకాదళాన్ని మళ్లీ హరికేన్ చెల్లాచెదురు చేసింది. గాల్వెజ్ హవానాకి తిరిగొచ్చి, అక్కడి అధికారులతో వాదించి వాదించి, 1781 ఫిబ్రవరి 28న ఇంకో చిన్న దళంతో బయల్దేరాడు. మార్చి 9న సాంతా రోసా దీవి మీద దిగాడు.

చిక్కల్లా అఖాతం ముఖద్వారం దగ్గర. నీళ్ల కింద ఇసుకమేట, ఎదురుగా ఎర్రమట్టి గట్టు మీద ఇంగ్లీషు ఫిరంగులు. నౌకాదళ నాయకుడు కాల్వో డి ఇరాసబాల్ ఓడ మొదటి ప్రయత్నంలోనే ఇసుకలో ఇరుక్కుంది. ఇక లోపలికి రానన్నాడు. వారం పైగా ఇద్దరి మధ్యా వాదన. కాల్వో నౌకాదళం, గాల్వెజ్ భూసైన్యం, ఒకరి మాట ఒకరు వినాలని రూలు లేదు. కానీ గాల్వెజ్టౌన్ అనే చిన్న ఓడ లూయిజియానాది, దాని మీద అధికారం గవర్నరుగా తనదే. మార్చి 18న దాని మీద తన జెండా ఎగరేసి, అందరూ చూస్తుండగా ఫిరంగుల ముందు నుంచి లోపలికి తీసుకెళ్లాడు. తెరచాపలకి, తాళ్లకి గుళ్లు తగిలాయి గానీ మనుషులకి ఏమీ కాలేదు. మర్నాడు మిగతా నౌకలూ వచ్చాయి. కాల్వో ఒక్కడు తన ఓడ తీసుకుని హవానాకి వెళ్లిపోయాడు.

ఒక్కడే అన్న మాట ఎంతవరకు సరి అని అడిగితే, ఆయన వెనక ఇంకో మూడు చిన్న పడవలు కూడా ఆ రోజు లోపలికి వెళ్లాయి. అందులో ఒకదానికి అధికారి ఆయన తోడల్లుడు కాబోయే హువాన్ అంతోనియో డి రియాన్యో. ఇది గాల్వెజ్ ధైర్యాన్ని తగ్గించదు. కానీ ఆ మూడు పడవల్లో ఉన్నవాళ్ల మీదకీ అవే గుళ్లు వచ్చాయి.

ఆ తర్వాత రెండు నెలల ముట్టడి. ఇంగ్లీషువాళ్ల వైపు చాక్టా, క్రీక్ అనే ఆదివాసీ తెగల యోధులు గట్టిగా పోరాడారు. ఏప్రిల్ 12న గాల్వెజ్‌కి చేతికి, పొట్టకి గాయాలు. ఏప్రిల్ 19న సోలానో నాయకత్వంలో హవానా నుంచి పెద్ద బలగం వచ్చి చేరింది, ఫ్రెంచి ఓడలు కూడా. అప్పటికి ముట్టడి వేసినవాళ్ల సంఖ్య 7,000 దాటింది. మే 8 పొద్దున ఒక గుండు వెళ్లి కోట బయటి బురుజులో ఉన్న మందుగుండు కొట్టులో పేలింది. దాదాపు వంద మంది అక్కడికక్కడే పోయారు. మే 10న కాంప్‌బెల్ లొంగిపోయాడు.

ఖైదీలని న్యూయార్క్‌కి పంపించాడు గాల్వెజ్. అది ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉన్న ఊరు. స్పెయిన్ మీద మళ్లీ పోరాడబోమని వాళ్ల దగ్గర మాట తీసుకున్నాడు గానీ అమెరికన్ల మీద పోరాడొద్దని ఆ మాటలో లేదు. అమెరికన్ కాంగ్రెస్‌కి ఇది చాలా కోపం తెప్పించింది. ఆయన కొలువు ఎవరి దగ్గరో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పల్నాటి గాలి:
ఇదే యుద్ధం మన వైపు కూడా నడిచింది. 1779లో ఈస్టిండియా కంపెనీ గుంటూరు సర్కారుని నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ దగ్గర కౌలుకి తీసుకుని ఆర్కాటు నవాబుకి ఇచ్చింది. నిజాంకి మండి, హైదర్ అలీతో, మరాఠాలతో చేయి కలిపాడు. 1780లో హైదర్ కర్నాటిక్ మీద, అంటే ఆర్కాటు నవాబు రాజ్యం మీద, పడ్డాడు, ఫ్రెంచివాళ్లు ఆయన వైపు. నిజాంని బుజ్జగించడానికి కంపెనీ గుంటూరుని వెనక్కి ఇచ్చేసింది. 1782లో అమెరికన్లు ఒక యుద్ధనౌకకి హైదర్ అలీ పేరే పెట్టుకున్నారు. పెన్సకోలాకి లండన్ నుంచి సాయం రాకపోవడానికి, బ్రిటన్ ఒకేసారి ఇన్ని చోట్ల చిక్కుకోవడం ఒక కారణం.

నల్లమల:
తేదీల సంగతి వచ్చింది కాబట్టి. పెన్సకోలా లొంగింది 1781 మే 10న. సరిగ్గా ఎనిమిది రోజులకి, మే 18న, పెరూలోని కుస్కో నడిబొడ్డున, స్పెయిన్ మీద తిరగబడిన నాయకుడు తుపాక్ అమారు 2ని చంపారు. భార్య మికాయెలానీ పెద్దకొడుకునీ ఆయన కళ్ల ముందే చంపి, తర్వాత ఆయన్ని నాలుగు గుర్రాలకి కట్టి లాగించారు. ఆ శిక్ష రాసినవాడు తనిఖీదారు అరెచే. అతన్ని పెరూకి పంపినవాడు హోసే డి గాల్వెజ్. కొత్త పన్నులు, బలవంతపు అమ్మకాలు, గనుల్లో వెట్టి, వీటి మీద తిరుగుబాటు అది. హోసే స్వయంగా 1767లో మెక్సికోలో జెసూట్లనే క్రైస్తవ సన్యాసుల బహిష్కరణ మీద జరిగిన అల్లర్లని అణచినప్పుడు 85 మందిని ఉరి తీయించాడు.

ఇవి బెర్నార్డో చేసిన పనులు కావు, ఒప్పుకుంటాను. కానీ ఒకే మంత్రి కార్యాలయం నుంచి ఒక ఖండంలో తిరుగుబాటుదారులకి తుపాకిమందు, ఇంకో ఖండంలో తిరుగుబాటుదారులకి గుర్రాలు. దీన్ని స్వాతంత్ర్యానికి సాయం అనడం నా వల్ల కాదు. బ్రిటన్‌ని దెబ్బ తీయడం, పోయిన ఫ్లోరిడాని తిరిగి తీసుకోవడం, అంతే. 1783 సంధిలో రెండు ఫ్లోరిడాలూ స్పెయిన్‌కి వచ్చాయి కూడా.

లెక్కల మాస్టారు:
నల్లమల గారు చెప్పింది కాదనలేను. ఒక మాట చేరుస్తాను. ఉద్దేశం ఏదైనా ఫలితం అమెరికన్లకి దక్కింది. 1781 ఆగస్టులో స్పెయిన్ దూత ఫ్రాన్సిస్కో డి సావెద్రా హవానాలో 5,00,000 పెసోలు పోగుచేసి ఫ్రెంచి నౌకాదళానికి ఇచ్చాడు. ఆ నౌకలు యార్క్‌టౌన్ వెళ్లాయి, అక్కడ కార్న్‌వాలిస్ లొంగిపోయాడు. మన దగ్గర తర్వాత గవర్నర్ జనరల్‌గా వచ్చిన కార్న్‌వాలిసే.

ఇంకొకటి. వీర పతకాల జాబితా చూస్తే లూయిజియానా నల్లవాళ్ల దళం అధికారులకి కూడా రాజు పతకాలు పంపాడు. గాల్వెజ్ తన నివేదికలో వాళ్లని మెచ్చుకున్నాడు. అదే గాల్వెజ్ తోటల యజమానుల కోసం ఫ్రెంచి దీవుల నుంచి బానిసల దిగుమతికి దారి తెరవాలని అడిగినవాళ్లలో ఉన్నాడు. రెండూ ఒకే చేతి సంతకాలు.

హ్యూస్టన్ పద్మజ:
చదువుతుంటే మనసు అటూ ఇటూ లాగుతోంది. మెక్సికోలో కరువు సంగతి కూడా చెప్పండి. ఆ భాగం కోసమే చూస్తున్నా. మా ఆఫీసులో ఒక మెక్సికన్ ఆవిడ 'ఆకలి సంవత్సరం' అని ఏదో చెప్పింది.

గోదారిగట్టు:
ఆవిడ చెప్పింది ఇదే పద్మజ గారూ.

యుద్ధం తర్వాత కౌంట్ బిరుదు వచ్చింది. క్యూబా కెప్టెన్ జనరల్ పదవి వచ్చింది. 1784 నవంబరులో తండ్రి మతియాస్ మెక్సికో వైస్రాయ్‌గా ఉండగానే చనిపోయాడు. ఆ కుర్చీలోకి కొడుకు 1785 జూన్‌లో వచ్చాడు. వయసు ముప్ఫై ఎనిమిది. రాజధాని వీధుల్లో భార్యతో కలిసి గుర్రబ్బండి తానే తోలుకుంటూ తిరిగేవాడు, బుల్‌ఫైట్లకి వెళ్లేవాడు. జనానికి అలాంటి వైస్రాయ్ కొత్త.

ఆ ఆగస్టు చివర్లోనే అకాలంగా మంచు పడింది. అంతకుముందే వానలు సరిగ్గా లేవు. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే దశలో ఒక్క రాత్రిలో మాడిపోయింది. అక్కడ మొక్కజొన్న అంటే మనకి వరి లాంటిది, అది లేకపోతే రోజు గడవదు. గింజలున్న పెద్ద భూస్వాములు దాచిపెట్టారు, ధర ఎన్నో రెట్లు పెరిగింది. పల్లెలు ఖాళీ అయి జనం ఊళ్ల మీద పడ్డారు. వెనకే జ్వరాలు. 1786 అంతా ఇదే.

గాల్వెజ్ చేసినవి ఇవి. తండ్రి ఆస్తిలో తన వాటాకి వచ్చిన డబ్బు ఇచ్చాడు, పైన 1,00,000 పెసోలు అప్పు తెచ్చాడు. మొక్కజొన్న, చిక్కుడు గింజలు కొనిపించాడు. భూస్వాములని, బిషప్పులని, వ్యాపారులని కూర్చోబెట్టి కమిటీ వేసి, గింజలు దాచినవాళ్ల మీద ఒత్తిడి తెచ్చాడు. నీళ్లున్న చోట వెంటనే ఇంకో పంట వేయించాడు. పనులు పెట్టించి కూలి ఇప్పించాడు. రోడ్లు, రాజధాని కెథడ్రల్ గోపురాలు, చపుల్తెపెక్ కొండ మీద భవనం ఈ పనుల్లో భాగమే. కరువు పనులకి వచ్చి రాళ్లు మోసిన తాతల కథలు మన రాయలసీమ ఇళ్లలో ఇప్పటికీ వింటాం కాబట్టి, పనికి తిండి అనే ఆలోచన విలువ మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆయన ఒక్కడే కరువు ఆపాడని నేననను. బిషప్పులు చాలామంది తమ ప్రాంతాల్లో పెద్దమొత్తాలు ఖర్చు పెట్టారు. అయినా లెక్కలేనంత మంది పోయారు. కానీ సొంత డబ్బు తీసి పెట్టిన వైస్రాయ్‌లు ఎంతమంది ఉన్నారో వెతకండి.

1786 ఏప్రిల్‌లో ఇంకో సంఘటన. ముగ్గురిని ఉరికి తీసుకెళ్తున్న దారిలో ఆయన గుర్రం మీద ఎదురొచ్చాడు. జనం చుట్టుముట్టి క్షమించమని వేడుకున్నారు. అక్కడికక్కడే ఉరి ఆపించాడు. మాడ్రిడ్ ఆ క్షమాభిక్షని నిలబెట్టింది గానీ ఇకపై ఇలా చేయొద్దని మందలించింది. చపుల్తెపెక్ భవనం కోటలా ఉంది, ఈయన సొంత రాజ్యం పెట్టుకుంటాడేమో అన్న పుకార్లు కూడా అప్పుడే లేచాయి. దానికి సాక్ష్యం అంటూ ఎవరూ చూపించలేదు.

నల్లమల:
ఇప్పుడు నేను చెప్తానన్నది. అదే 1786, ఆగస్టు 26. కరువు ఇంకా నడుస్తోంది. ఉత్తరాది సరిహద్దు రాష్ట్రాల సైన్యాధిపతి హకోబో ఉగార్తెకి గాల్వెజ్ సుదీర్ఘమైన ఆజ్ఞాపత్రం పంపాడు.

శాంతికి రాని అపాచీలతో ఎడతెగని యుద్ధం. వస్తామన్నవాళ్లతో శాంతి, ఆ శాంతి ఎంత నాసిరకమైనా మంచి యుద్ధం కంటే లాభమే అన్నాడు. ఇక్కడి దాకా వివేకమే అనిపిస్తుంది. తర్వాత చదవండి. వాళ్లకి సారా అలవాటు చేయండి, దానితో మనసులు వశమవుతాయి, రహస్యాలు బయటపడతాయి అన్నాడు. తుపాకులివ్వండి గానీ పొడుగువి, బలం లేనివి ఇవ్వండి, త్వరగా పాడై బాగుచేయించుకోవడానికి మన దగ్గరికే రావాలి అన్నాడు. తుపాకిమందు ఇవ్వండి, దానికి అలవాటు పడి విల్లంబులు మరిచిపోతారు, అప్పుడు మన మీద ఆధారపడక తప్పదు అన్నాడు. తెగల మధ్య పగలు పెంచండి అన్నాడు.

అపాచీల నేర్పుని కళ్లారా చూసి మెచ్చుకున్న మనిషి ఇది రాశాడు. అందుకే ఇది ఇంత పక్కాగా ఉంది. వాళ్లని అర్థం చేసుకోనివాడు ఈ పత్రం రాయలేడు. విల్లు ఎంత గొప్ప ఆయుధమో తెలిసినవాడికే దాన్ని మరిపించాలన్న ఆలోచన వస్తుంది.

ఇది పనిచేసింది కూడా. 1790లలో దాదాపు 2,000 మంది అపాచీలు సైనిక స్థావరాల పక్కన శాంతి విడిదుల్లో రేషన్ తీసుకుంటూ బతికారు. దాడులు తగ్గాయి, రెండువైపులా చావులు తగ్గాయి, ఆ మాట దాచను. మెక్సికో స్వాతంత్ర్య యుద్ధం మొదలై డబ్బు ఆగిపోయాక రేషన్లు తగ్గిపోయాయి. 1830లకి యుద్ధం మళ్లీ మొదలైంది.

సందేహాల శ్రీను:
నల్లమల గారూ, ఒకటి అడగనా? దాడుల్లో చావులు తగ్గాయని మీరే అన్నారు. అంతకుముందు విధానం పూర్తిగా చంపేయడమే కదా. దాంతో పోలిస్తే ఇది మెరుగు అని చెప్పలేమా?

నల్లమల:
ఆ రోజు చావబోయే మనిషికి మెరుగే శ్రీనూ. నేను దాన్ని తక్కువ చేయను. నా బాధ ఇంకోచోట ఉంది. మెక్సికో సిటీలో ఆకలితో ఉన్నవాడికి ఇచ్చిన మొక్కజొన్న, వాడు మళ్లీ తన కాళ్ల మీద నిలబడాలని ఇచ్చింది. ఉత్తర సరిహద్దులో జానోస్ సైనిక స్థావరం పక్కన అపాచీకి ఇచ్చిన మొక్కజొన్న, వాడు ఇక ఎప్పటికీ నిలబడకూడదని ఇచ్చింది. ఇచ్చిన చేయి ఒకటే, ఏడాది ఒకటే.

గోదారిగట్టు:
దీనికి నా దగ్గర సమాధానం లేదు నల్లమల గారూ. రాజుగారి ప్రజ అనుకున్నవాడి కోసం సొంత డబ్బు ఇచ్చి, అప్పు తెచ్చేంత మనసు ఉంది. ఆ గీతకి అవతల ఉన్నవాడి విషయంలో ఆ మనసు లెక్కగా మారిపోయింది. గీత ఎక్కడ గీయాలో మాత్రం ఆయన ఎన్నడూ ప్రశ్నించుకున్నట్టు కనిపించదు.

హ్యూస్టన్ పద్మజ:
పిల్లల్ని తీసుకెళ్లి చూపించడానికి ఏమైనా ఉన్నాయా? గాల్వెస్టన్‌లో హోటల్ గాల్వెజ్ తెలుసు, 1911లో కట్టింది.

సముద్రయానం:
పెన్సకోలాలో పాలఫాక్స్ వీధిలో ఫోర్ట్ జార్జ్ కొంత భాగం మళ్లీ కట్టి ఉంచారు, అక్కడే గాల్వెజ్ ప్రతిమ ఉంది. మే 8న ఊళ్లో గాల్వెజ్ డే జరుపుతారు. వాషింగ్టన్‌లో విదేశాంగ శాఖ భవనం దగ్గర గుర్రం మీద విగ్రహం, 1976లో స్పెయిన్ ఇచ్చింది. కాపిటల్ భవనంలో చిత్రపటం కూడా ఉంది. దానికో కథ ఉంది. 1783లో పోలాక్ ఆయన చిత్రపటం కాంగ్రెస్‌కి ఇస్తే గోడకి పెడతామన్నారు, పెట్టలేదు, అసలు పటమే పోయింది. 2014 డిసెంబరులో కొత్త నకలు పెట్టారు. అదే నెలలో ఆయనకి గౌరవ పౌరసత్వం కూడా ఇచ్చారు, ఆ గౌరవం పొందినవాళ్లలో ఎనిమిదో మనిషి. ఆయన పుట్టిన మచరవియాయాలో జులై 4న పండగ చేస్తారు.

సందేహాల శ్రీను:
చివరికి ఎలా పోయాడు? భార్యాపిల్లలు ఏమయ్యారు?

గోదారిగట్టు:
1786 నవంబరు 30న, మెక్సికో సిటీ పక్కన తకుబాయాలో, జబ్బుతో. నలభై ఏళ్లే. వైస్రాయ్‌గా ఏడాదిన్నర కూడా లేడు. శాన్ ఫెర్నాందో చర్చిలో తండ్రి సమాధి ఉన్న చోటే ఈయన్నీ ఉంచారు. ఫెలిసితే అప్పటికి నిండు గర్భిణి. డిసెంబరులో ఆడపిల్ల పుట్టింది, గ్వాదలూపే అని పేరు పెట్టారు. 1787 జూన్‌లో మంత్రి చిన్నాన్న కూడా పోయాడు. మూడేళ్లు తిరక్కుండా అన్నదమ్ములిద్దరూ, కొడుకూ పోయారు. ఆ కుటుంబం పలుకుబడి అక్కడితో అయిపోయింది.

ఫెలిసితే పిల్లల్ని తీసుకుని మాడ్రిడ్ వెళ్లింది. తాను పుట్టి పెరిగింది న్యూ ఆర్లీన్స్‌లో, స్పెయిన్ ఎన్నడూ చూడలేదు. ఆమె ఇంట్లో మేధావులు, సంస్కరణవాదులు చేరేవారు. ఫ్రెంచి విప్లవం మొదలయ్యాక ఫ్రెంచి మాట్లాడేవాళ్లందరి మీదా అనుమానమే. 1790లో ఆమెని మాడ్రిడ్ విడిచి వెళ్లమన్నారు. 1799లో చనిపోయింది.

పెన్సకోలాలో గాల్వెజ్ వెనక పడవలో వచ్చిన రియాన్యో గుర్తున్నాడా? ఫెలిసితే చెల్లెలు విక్టోరియాని చేసుకున్నాడు. తర్వాత గ్వానహువాతో గనుల ఊరికి అధికారి అయ్యాడు, మంచి పాలకుడని పేరు. 1810 సెప్టెంబరు 28న మెక్సికో స్వాతంత్ర్య పోరాటం మొదలుపెట్టిన హిదాల్గో ఫాదర్ వెంట వచ్చిన తిరుగుబాటు జనం అక్కడి ధాన్యపు గిడ్డంగిని ముట్టడిస్తే, దాన్ని కాపాడుతూ మొదట్లోనే చనిపోయాడు. ఆ గిడ్డంగి కూడా 1786 కరువు తర్వాత, మళ్లీ అలాంటి కాలం వస్తే జనానికి గింజలు ఉండాలని ఆయనే కట్టించింది.